ఎల్-39 వెనక సీట్లో 32 నిమిషాలు: నా అనుభవం

2025 ఫిబ్రవరి 3, సోమవారం డబ్బు కట్టాను. జూన్ 14, శనివారం ఎగిరాను. మధ్యలో 131 రోజులు, రెండు వృథా ప్రయాణాలు. గాల్లో ఉన్నది మొత్తం 32 నిమిషాలు. జర్మనీలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉంటున్న మనవాళ్లు ఈ జెట్ రైడ్‌ల గురించి తరచూ అడుగుతుంటారు. వీడియోల్లో అరుపులు, కేకలే తప్ప ఒంటికి ఏమవుతుందో, ఎందుకవుతుందో, ఖర్చు ఎక్కడెక్కడ పెరుగుతుందో కనిపించదు. అందుకే జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

విమానం చెక్ దేశంలో తయారైన ఎల్-39 ఆల్బట్రాస్. మొదటిసారి ఎగిరింది 1968 నవంబర్ 4న. ప్రకటనల్లో ఫైటర్ జెట్ అని రాస్తారు కానీ ఇది ఫైటర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే జెట్. బీదర్‌లో మన వైమానిక దళానికి హాక్ చేసే పనిని సోవియట్ కూటమి దేశాల్లో దశాబ్దాలపాటు ఇదే చేసింది. వెనక సీట్లో కూర్చునేవాడికి ఆ తేడా ఏమీ తెలియదు. జీ అంటే మన మామూలు బరువుకు ఎన్ని రెట్లు మీద పడుతోందో చెప్పే కొలత, మైనస్ అయితే సీట్లోంచి పైకి లేపుతుంది. దీని నిర్మాణం ప్లస్ 8 జీ నుంచి మైనస్ 4 జీ దాకా తట్టుకుంటుంది, మన ఒళ్లు అందులో సగానికే చేతులెత్తేస్తుంది. మన దేశంలో పి.వి. సింధు 2019 ఫిబ్రవరి 23న బెంగళూరులో తేజస్ వెనక సీట్లో ఎగిరింది ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన ఆహ్వానం మీద. ఇక్కడ యూరప్‌లో సైన్యం నుంచి రిటైరైన జెట్‌లు ప్రైవేటు చేతుల్లో ఉన్నాయి కాబట్టి డబ్బు కట్టి ఎక్కొచ్చు.

ఫారంలో అడిగిన మొదటి విషయాలు బరువు, ఎత్తు. నా బుకింగ్‌లో పరిమితి 100 కిలోలు, 195 సెంటీమీటర్లు. ఆ తర్వాత రెండు కొలతలు అడిగారు: కూర్చున్నప్పుడు నడుము నుంచి నడినెత్తి దాకా ఎంత, తుంటి నుంచి మోకాలి దాకా ఎంత. రెండోది ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. ప్రమాదంలో మనిషిని విమానంలోంచి బయటికి ఎగరగొట్టే ఎజెక్షన్ సీటు పైకి లేచేటప్పుడు మోకాళ్లు ముందున్న డ్యాష్‌బోర్డు అంచుకు తగలకూడదు. తొడ పొడుగ్గా ఉన్న మనిషి బరువు, ఎత్తు సరిపోయినా ఆగిపోవచ్చు. ఇంట్లోనే గోడకు ఆనుకుని కూర్చుని టేపుతో కొలిచి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. అడ్వాన్సు 500 యూరోలు తిరిగి రాదని ఫారం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

డాక్టర్ సర్టిఫికెట్‌కి అపాయింట్‌మెంట్ 12 రోజులకు దొరికింది. రక్తపోటు, గుండె చూస్తారని అనుకున్నాను. అవీ చూశారు, కానీ ఎక్కువసేపు అడిగింది హెర్నియా ఉందా, మెడ నొప్పి ఉందా, కళ్లద్దాల పవర్ ఎంత అని. పొట్ట బలంగా బిగించి ఊపిరి బంధించాలి కాబట్టి హెర్నియా ఉంటే ప్రమాదం. మైనస్ పవర్ (దూరపువి కనిపించకపోవడం) బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు రెటీనా పలచబడి ఉంటుంది. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊది చూపించమన్నారు, జలుబు ఉంటే అది కుదరదు. 35 యూరోలు, హెల్త్ ఇన్సూరెన్స్ కింద రావు. ఇంటికొచ్చి నా జీవిత బీమా పాలసీ కూడా తీసి చదివాను. టికెట్టు కొని ప్రయాణించే విమానం తప్ప మిగతా ఏ ఎగురుడూ అందులో కవర్ కాదు. ఈ పేజీ భార్యాభర్తలిద్దరూ కలిసి చదవాల్సింది.

ఎదురుచూసిన ఈ నెలల్లో నాకు బాగా పనికొచ్చింది ఒక్కటే: జీ తట్టుకునే ఊపిరిని ఇంట్లో సాధన చేయడం. జీ పెరిగితే గుండె నుంచి కంటికి ఉన్న ముప్పై సెంటీమీటర్ల రక్తపు స్తంభం బరువెక్కుతుంది. ఒక్కో జీకి తల దగ్గర రక్తపోటు సుమారు 22 మిల్లీమీటర్లు పడిపోతుంది. మామూలు మనిషికి పైన 120 ఉంటుంది కదా, లెక్క వేసుకోండి. కంటి గుడ్డులో సొంత ఒత్తిడి ఉంటుంది కాబట్టి రక్తం ముందు అక్కడ ఆగుతుంది. అందుకే స్పృహ కంటే ముందు చూపు పోతుంది. ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత పక్కలు మూసుకుపోతాయి, ఆ తర్వాత చీకటి. ఏ సాధనా లేకుండా ఒళ్లు వదిలేసి కూర్చుంటే చాలామందికి ఇది 4, 5 జీ మధ్య మొదలవుతుంది. మెదడులో నిల్వ ఉన్న ఆక్సిజన్ ఐదారు సెకన్లకు మించి రాదు.

సాధన ఇలా: ముందు పిక్కలు, తొడలు, పిరుదులు రాయిలా బిగించాలి. తర్వాత పొట్ట. అప్పుడు నిండా ఊపిరి తీసుకుని గొంతు మూసి, బరువు ఎత్తేటప్పటిలా లోపలి నుంచి నెట్టాలి. "హుక్" అనే మాటలో "క్" దగ్గర గొంతు ఎలా మూసుకుంటుందో అలా. మూడు సెకన్లు పట్టి ఉంచి, సెకనులోపే కాస్త గాలి వదిలి మళ్లీ తీసుకుని మళ్లీ మూయాలి. కాళ్ల బిగింపు మాత్రం మొదటి నుంచి చివరి దాకా వదలకూడదు. అందరూ చేసే తప్పులు మూడు. ముఖం ఎర్రబడేలా మెడ నరాలు బిగించి కాళ్లను మరిచిపోవడం ఒకటి. ఊపిరి మొత్తం బయటికి వదిలేయడం రెండోది, ఆ సెకనులో ఛాతీలో ఒత్తిడి పూర్తిగా పడిపోతుంది. అన్నిటికంటే పెద్దది, జీ మొదలయ్యాక బిగించడం. కిందికి జారిపోయిన రక్తాన్ని వెనక్కి తేవడం చాలా కష్టం, జారకుండా ఆపడం తేలిక. నేను రోజూ కుర్చీలో కూర్చుని ఇరవై సెకన్ల చొప్పున ఐదుసార్లు చేశాను. రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది ఇంట్లో కూడా చేయకండి.

ఏప్రిల్ 26న మొదటి పిలుపు. ముందురోజు రైల్లో వెళ్లి అక్కడే పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి మేఘాల అడుగు 400 మీటర్ల దగ్గర ఉంది. నిలువుగా గుండ్రంగా తిరిగే లూప్‌లు వద్దు, కింద కిందే తిప్పి తీసుకురండి అని అడిగాను. పైలట్ తల అడ్డంగా ఊపాడు. ఇది ఒంటి ఇంజను విమానం. కింద ఎగురుతున్నప్పుడు ఇంజను ఆగితే, ఉన్న వేగాన్ని ఎత్తుగా మార్చుకుంటూ పైకి లాగాలి. ఆ లాగడానికి పైన ఖాళీ ఆకాశం కావాలి. మేఘంలోకి దూసుకెళ్లి అక్కడ నిర్ణయం తీసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. మధ్యాహ్నం రెండింటి దాకా కూర్చుని వెనక్కి వచ్చేశాను.

మే 17న ఆకాశం నిర్మలంగా ఉంది, విమానం కదల్లేదు. ఎల్-39 ఇంజనుని తిప్పి లేపడానికి లోపల ఇంకో చిన్న టర్బైన్ ఉంటుంది, దాని పేరు సఫీర్. ముందు అది ఈలలా మొదలై స్థిరపడాలి, ఆ తర్వాతే దాని గాలితో పెద్ద ఇంజను తిరుగుతుంది. ఆ రోజు ఈల మొదలై సగంలో తగ్గిపోయింది. రెండోసారి ప్రయత్నించారు, అదే. మెకానిక్ మూత తీసి చూసి భాగం మార్చాలన్నాడు. అప్పటికి నేను సీట్లో పట్టీలు బిగించుకుని అరగంటైంది, చెమటతో సూట్ తడిసింది. దిగేటప్పుడు కలిగిన నిరాశ మామూలుది కాదు. కానీ నేల మీదే ఆగిన విమానం గురించి ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదు. ఈ రెండు ప్రయాణాలకు రైలు, హోటల్ కలిపి 410 యూరోలు అయ్యాయి. వాటికి ఎవరూ పరిహారం ఇవ్వరు, కాబట్టి రద్దు చేసుకోగలిగే గదే తీసుకోండి. వీలైతే పొద్దున్న మొదటి స్లాట్ అడగండి. ఎండాకాలం మధ్యాహ్నాలు వేడి గాలి కుదుపులుంటాయి, సాయంత్రానికి ఉరుముల మేఘాలు లేస్తాయి.

జూన్ 14. ముందురోజు రెండు లీటర్లకు పైగా నీళ్లు తాగాను, రాత్రి పెరుగన్నం తిన్నాను. పొద్దున్న రెండు బ్రెడ్ ముక్కలు, ఒక అరటిపండు. ఖాళీ కడుపుతో వెళ్తే వాంతి రాదనుకోవడం పొరపాటు, ఖాళీ కడుపులో వికారం ఇంకా త్వరగా వస్తుంది. పాలు, కాఫీ మానేశాను. వాంతి రాకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది, డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు.

బ్రీఫింగ్ 50 నిమిషాలు. జేబులన్నీ ఖాళీ చేయించారు. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు, చేతికి కట్టుకున్న తాయెత్తు కూడా తీయమన్నారు. ఊడిపడిన చిన్న నాణెం విమానం నడిపే స్టిక్ అడుగున ఇరుక్కుంటే స్టిక్ కదలదు, తలకిందులైనప్పుడు అది ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. బూట్ల లేసుల చివర్లు కూడా లోపలికి దోపుకోవాలి. కళ్లద్దాలకు వెనక తాడు కట్టారు. కాళ్లనూ పొట్టనూ గాలితో నొక్కిపట్టే జీ-సూట్ ఇవ్వలేదు. అది ఉంటే ఒకటి, ఒకటిన్నర జీ మేర సాయం చేస్తుంది, మిగతాది మన కాళ్లూ ఊపిరీ చేయాలి. వాంతి సంచి ఎడమ తొడ జేబులో, చూడకుండా అందేలా పెట్టుకోమన్నారు.

అందరూ త్వరగా దాటేసే ఘట్టం పట్టీలు. నేను మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఆగమంటాను. నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద పడాలి. అది అన్నిటికంటే ముందు, నొప్పి పుట్టేంత బిగించాలి. ఆ తర్వాతే భుజాల పట్టీలు. భుజాలవి ముందు లాగితే నడుము పట్టీ పొట్ట మీదికి జరిగి వదులవుతుంది. మెకానిక్ బిగించాక, నేను ఊపిరి బయటికి వదిలి పొట్ట లోపలికి తీసి మళ్లీ ఒక అంగుళం లాగాను. కారణం చెప్తాను. 2019 మార్చి 20న ఫ్రాన్స్‌లోని సాన్ డిజియే స్థావరం నుంచి రఫాల్ వెనక సీట్లో 64 ఏళ్ల పౌరుడొకాయన ఎక్కాడు. పట్టీలు వదులుగా ఉన్నాయి. టేకాఫ్ తర్వాత పైలట్ నిట్టనిలువుగా ఎక్కి, విమానాన్ని సమం చేయడానికి ముక్కు దించగానే జీ సున్నా కిందికి వెళ్లింది. ఆయన సీట్లోంచి పైకి తేలాడు, భయంతో చేతికి అందింది పట్టుకున్నాడు. అది ఎజెక్షన్ పిడి. ఆయన ప్రాణాలతో నేలకు దిగాడు, పైలట్ విమానాన్ని క్షేమంగా దించాడు. మా ఎల్-39 సీట్లో కూడా ఆ పిడి తొడల మధ్యే ఉంటుంది. చేతులు తొడల మీద, బొటనవేళ్లు సూట్ మడతలో దోపుకుని కూర్చోమని పైలట్ మూడుసార్లు చెప్పాడు. దేన్నీ పట్టుకోవద్దన్నాడు.

సీటు గురించి ఇంకో మాట. హాక్‌లో ఉండే సీటు నిలబడి ఉన్న విమానంలోంచి కూడా మనిషిని కాపాడుతుంది. ఎల్-39 సీటుకి కనీసం గంటకు 150 కిలోమీటర్ల వేగం కావాలి. అంటే టేకాఫ్ పరుగులో మొదటి కొన్ని సెకన్లు ఆ సీటు మీకు లేనట్టే. అందుకే ఆ వేగం దాటగానే పైలట్ ఇంటర్‌కమ్‌లో ఒక్క మాట చెప్పి మనతో జవాబు చెప్పిస్తాడు.

11:20కి కదిలాం. గాజు మూత మూశాక లోపల వేడి, కిరోసిన్ వాసన, సొంత ఊపిరి చప్పుడు. డయల్స్ అన్నీ కిలోమీటర్లలో, మీటర్లలో. నాట్లకు, అడుగులకు అలవాటుపడ్డవాళ్లు మనసులో మార్చుకోవడం మానేసి సూదుల కదలిక చూస్తే చాలు. టేకాఫ్‌లో వీపు మీద దెబ్బేమీ ఉండదు, తోపు మెల్లగా మొదలై ఆగకుండా పెరుగుతూ పోతుంది.

ముందే అనుమతి తీసుకున్న గగనతలంలో 2,000 మీటర్లకు ఎక్కాక మొదట రోల్, అంటే ఉన్న దారిలోనే వెళ్తూ విమానం పక్కకు ఒక పూర్తి దొర్లు. నాలుగు సెకన్లు. ఇందులో ఒంటికి కష్టమేమీ లేదు, కళ్లే బెదురుతాయి. తర్వాత బ్యారెల్ రోల్, పెద్ద పీపా లోపలి గోడ చుట్టూ తిరిగినట్టు, జీ రెండున్నర దాటలేదు. వేగం గంటకు 600 కిలోమీటర్లకు తెచ్చి లూప్ మొదలుపెట్టాడు. "రెడీ" అన్నాడు. ఆ మాటకు ముందే కాళ్లు బిగించి ఉన్నాను.

నా ఎదురుగా జీ-మీటర్ ఉంది. సూది ఒకటి దగ్గర్నుంచి రెండు, మూడు, నాలుగు దాకా వెళ్లడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. బుగ్గలు కిందికి జారాయి. తొడ మీది చెయ్యి ఎత్తి చూద్దామనుకున్నాను, తడి ఇసుక సంచిలా కదల్లేదు. హెల్మెట్‌తో కలిపి నా తల ఆరు కిలోలు దాటుతుంది, నాలుగు జీ దగ్గర అది పాతిక కిలోలు. అందుకే జీ వచ్చేముందే తల వెనక్కి ఆనించి, ఎటు చూడాలో అటు తిప్పి పెట్టుకోవాలి. జీలో ఉండగా తల తిప్పితే మెడ పట్టేస్తుంది, లోపల చెవిలోని ద్రవం తిరిగి వికారం కూడా అప్పుడే మొదలవుతుంది. పైకి వెళ్లేసరికి 3,100 మీటర్లు, వేగం 280. అక్కడ ఒక్క క్షణం ఒళ్లు తేలికైంది, నెత్తి మీద పొలాలు. మళ్లీ కిందికి, మళ్లీ నాలుగు. రంగు పోలేదు, చూపు పోలేదు. నాలుగు నెలల కుర్చీ సాధన పనిచేసిందని ఎంత సంతోషమేసిందో.

చూపు మసకబారింది దీని తర్వాత, ఇంతకంటే తక్కువ జీలో. పైలట్ ముక్కు దించి కొన్ని సెకన్లు తేలేలా చేశాడు, మీటర్ సున్నా కంటే కాస్త కిందికి పోయింది. కాళ్ల దగ్గర అడుగున ఉన్న దుమ్ము రేణువులు నా ముఖం ముందు తేలాయి. వెంటనే పైకి లాగాడు, మూడున్నర జీ మాత్రమే. పచ్చటి పొలాలు బూడిద రంగుకు మారాయి, పక్కలు మూసుకొచ్చాయి. నాలుగు తట్టుకున్నవాడికి మూడున్నరలో ఎందుకిలా? దిగాక పైలట్ వివరించాడు. సున్నా, మైనస్ జీలో రక్తం తలకెక్కుతుంది. మెడలోని రక్తనాళాలు అది గమనించి గుండెను నెమ్మది చేస్తాయి, నాళాలను వదులు చేస్తాయి. ఆ స్థితిలో ఉండగా లాగితే, ఒళ్లు మళ్లీ తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లలో జీ తట్టుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. సైనిక పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్న ప్రమాదాల్లో ఇదీ ఒక కారణం. తేలుతున్నప్పుడు నేను హాయిగా కాళ్లు వదిలేశాను, నా తప్పు అదే. తేలిక తర్వాత పైకి లాగే ప్రతిసారీ, జీ ఎంతైనా సరే, కాళ్లు ముందే బిగించండి.

ఆ తర్వాత 77 డిగ్రీలు వాలి ఒక పూర్తి చుట్టు. నాలుగున్నర జీ, మధ్యలో 4.8 తాకింది. గంటకు 500 కిలోమీటర్ల వేగంలో ఆ వృత్తం వ్యాసార్ధం అరకిలోమీటరు కూడా ఉండదు, చుట్టు తిరగడానికి 20 సెకన్లు. లూప్‌లో జీ వచ్చి పోతుంది, ఇక్కడ వదలదు. ఆరేడుసార్లు ఊపిరి మార్చాలి. ఐదోసారికి తొడలు వణికాయి. దీని తర్వాత నిమిషంపాటు సమంగా ఎగరమని అడిగాను. అడగడానికి మొహమాటపడొద్దు. నాకు వికారం విన్యాసం మధ్యలో రాలేదు, అది ఆగాకే వచ్చింది. దూరంగా క్షితిజరేఖ మీద చూపు నిలిపి, మాస్క్‌లో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే నాకు రెండు నిమిషాల్లో తగ్గింది.

ఇక కిందికి. నేను ఎక్కువగా రాయాలనుకున్నది ఈ ఆరు నిమిషాల గురించే. ఇక్కడి పౌర నిబంధనల ప్రకారం ఊళ్లకు దూరంగా కనీస ఎత్తు 150 మీటర్లు, వేగం 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు. మేం 450లో వెళ్లాం, సెకనుకు 125 మీటర్లు. ఒంటికి ఏ బాధా లేదు. లూప్‌ల తర్వాత ఇది విశ్రాంతిలా అనిపించింది. కొండవాలు, చెట్ల వరస, వాగు పక్కన తెల్లటి రోడ్డు, అన్నీ చిన్నప్పుడు రైలు కిటికీలోంచి చూసినట్టు వెనక్కి పరుగెత్తాయి. కానీ పైలట్ అప్పటిదాకా సరదాగా మాట్లాడినవాడు ఈ ఆరు నిమిషాలూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ముందే చెప్పాడు, కింద ఉన్నప్పుడు మాట్లాడించవద్దని.

లెక్క వేస్తే ఆ మౌనం అర్థమవుతుంది. బ్రిటన్‌లో సైనిక జెట్‌లు మామూలుగా 250 అడుగుల దాకా, అంటే 76 మీటర్లకు దిగి ఎగురుతాయి. వేల్స్ లోయల్లో కొండ మీద నిలబడ్డవాళ్లకు పైలట్ హెల్మెట్ పైనుంచి కనిపించేది అందుకే. 450 నాట్లంటే సెకనుకు 231 మీటర్లు. ముక్కు ఒక్క డిగ్రీ దిగితే సెకనుకు నాలుగు మీటర్లు పోతాయి, 76 మీటర్లు 19 సెకన్లలో అయిపోతాయి. మ్యాప్ చూసి, రేడియో మార్చి తల ఎత్తేలోపు అందులో సగం గడిచిపోతుంది. ఐదు డిగ్రీలైతే నాలుగు సెకన్లే. మలుపులో ఇంకా ఘోరం. నాలుగు జీ మలుపులో విమానం సమంగా ఉండాలంటే 75 డిగ్రీల వాలు ఉండాలి. వెనక ఎవరున్నారో చూద్దామని పైలట్ తల తిప్పితే చెయ్యి కూడా దానితో కాస్త కదులుతుంది, వాలు ఇంకో పది డిగ్రీలు పెరుగుతుంది. జీ-మీటర్ అదే నాలుగు చూపిస్తుంది, ఒంటికి ఏ తేడా తెలియదు. కానీ ఆ నాలుగులో విమానాన్ని పైన నిలిపే వాటా మూడోవంతు జీకి పడిపోతుంది. 76 మీటర్ల నుంచి నేల ఐదు సెకన్లలోపే. ఏరోబాటిక్స్‌లో, అంటే లూప్‌ల లాంటి విన్యాసాల్లో, తప్పు జరిగితే ఒళ్లు అరిచి చెప్తుంది, కింద ఎగురుతుంటే ఒళ్లు ఏమీ చెప్పదు. ఏరోబాటిక్స్ కూడా నేలకు దగ్గరగా చేస్తే ఇదే లెక్క. 2010 మార్చి 3న హైదరాబాద్ బోయినపల్లిలో నౌకాదళం సాగర్ పవన్ జట్టు కిరణ్ విమానం ప్రదర్శన మధ్యలో కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ ఇద్దరికీ అనుభవం తక్కువేమీ కాదు.

వెనక సీట్లోంచి గమనించినవి కొన్ని. కరెంటు తీగలు కనిపించవు, అసలు కనిపించవు. పైలట్ స్తంభాలను వెతికి, తీగల మధ్య నుంచి కాకుండా స్తంభం నెత్తి మీదుగా దాటాడు, ఎందుకంటే అక్కడ ఎత్తు ఎంతో కంటికి తెలుస్తుంది. కొత్తగా నాటిన పొట్టి పైన్ చెట్ల మీదుగా వెళ్తుంటే నాకు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు అనిపించింది. కన్ను చెట్టు పెద్దదనుకుని ఎత్తును తప్పుగా లెక్కేస్తుంది. వేగం తగ్గించాల్సి వచ్చినా ఆయన ఇంజను తగ్గించలేదు, విమానం పొట్ట కింద గాలికి అడ్డుపడే ఎయిర్‌బ్రేకుల పలకలు తెరిచాడు. ఈ ఇంజను ఐడిల్ (అన్నిటికంటే తక్కువ శక్తి) నుంచి పూర్తి శక్తికి రావడానికి పది సెకన్ల దాకా తీసుకుంటుంది. ఆ పది సెకన్లలో మేం కిలోమీటరుకు పైగా పోతాం, ఎదురుగా కొండ ఉంటే ఆ శక్తి అందదు. గుట్ట దాటేటప్పుడు చాలా ముందే పైకి లాగాడు. ఎక్కి దాటాక ముక్కు కిందికి నెట్టకుండా విమానాన్ని పక్కకు తిప్పి, ఆ వాలులోంచి లాగి దించాడు. నెడితే మైనస్ జీ, లాగితే ప్లస్. మనిషికి, విమానానికి ప్లస్సే తేలిక. అప్పటికి నాకు పాఠం వచ్చింది, ఆ రెండుసార్లూ కాళ్లు ముందే బిగించాను.

రన్‌వే మీదుగా వచ్చి ఒక్కసారిగా ఎడమకు వాలి వేగం చంపుకుని, 330 కిందికి వచ్చాక చక్రాలు దించి కూర్చున్నాం. మూత తెరిచాక తగిలిన చల్లగాలి ఇప్పటికీ గుర్తుంది. మోకాళ్లు వణుకుతుంటాయి, నిచ్చెన దిగేటప్పుడు తొందరపడొద్దు. గంట తర్వాత మోచేతుల దగ్గర, తొడల వెనక ఎర్రటి చిన్న చుక్కలు కనిపించాయి. సన్నటి రక్తనాళాలు చిట్లితే వచ్చేవే, నాకు మూడు రోజుల్లో పోయాయి. మెడ రెండు రోజులు పట్టేసింది. దిగిన అరగంటకు ఎంత నిద్ర ముంచుకొచ్చిందంటే, రైల్లో వచ్చి మంచి పని చేశాననిపించింది. ఆ రోజు కారు నడపడం పెట్టుకోకండి.

మొత్తం ఖర్చు: రైడ్ 2,390 యూరోలు, డాక్టర్ 35, వీడియో 150, వృథా అయిన రెండు ప్రయాణాలు 410. కలిపి 2,985, మన డబ్బులో దాదాపు 3 లక్షలు. చివరి ప్రయాణం ఖర్చు ఇందులో కలపలేదు. అరగంటకు నాలుగైదు వందల లీటర్ల కిరోసిన్ తాగే యంత్రం కాబట్టి రైడ్ ధర ఎక్కువ అనిపించలేదు. వీడియో మాత్రం తీసుకోకపోయినా పర్వాలేదు, కెమెరా నా ముఖం వైపే ఉంది, కొండలు అందులో పడలేదు.

జీ-మీటర్‌లో అసలు సూదితో పాటు ఇంకో రెండు సన్నటి సూదులుంటాయి, ఎగిరినంతసేపట్లో తాకిన గరిష్ఠం, కనిష్ఠం దగ్గర అవి ఆగిపోతాయి. నావి 4.8 దగ్గర, సున్నాకు కాస్త కింద ఆగి ఉన్నాయి. మెకానిక్ వాటిని కాగితం మీద రాసుకుని పక్కనున్న చిన్న మీట నొక్కాడు. రెండూ ఒకటి మీదికి వచ్చేశాయి. నిచ్చెన దగ్గర తర్వాతి మనిషి హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నడుము పట్టీ ముందు బిగించమని చెప్పి పక్కకు తప్పుకున్నాను.